నిండితేనే కదిలే గడి

ఒక మనిషి కాలు ఉండడమా పోవడమా అన్నది ఆఖరికి కంప్యూటరు తెర మీద బొటనవేలంత గడి దగ్గర తేలింది. వినడానికి వెటకారంలా ఉంటుంది గానీ జరిగింది మాత్రం అదే. ఆ గడి పెట్టించింది గళ్ళమేడం. పట్టుబట్టి, పదిమంది చేత మాట పడి మరీ పెట్టించింది. అందుకని ముందు ఆవిడ సంగతి చెప్పుకోవాలి.

గళ్ళమేడం అంటే గళ్ళ బట్టలు వేసుకుంటుందని కాదు. ఆవిడ వేసుకునేవన్నీ ఒకటే బూడిదరంగు. ఎక్కడ మాట మొదలెట్టినా "అది ఏ గడిలో వెయ్యాలి, ఈ గడి ఎవరు నింపాలి" అంటూ అక్కడికే వచ్చి చేరుతుందని ల్యాబు వాళ్ళు పెట్టిన పేరది. ఆవిడకీ తెలుసు. తెలిసీ తెలియనట్టే ఉంటుంది. కోపం తెచ్చుకుంటే ఇంకోటి పెడతారు కదా.

ఇరవై రెండేళ్ళు వార్డులో నర్సు చేసింది. మనుషుల్ని మంచం మీంచి ఎత్తీ దింపీ నడుం పోయింది. పోయిన నడుంతో ఇంటికి పంపలేక పెద్ద డాక్టరు ఆవిడకో కుర్చీ, ఒక బీరువా, తలకి మించిన పనీ ఇచ్చాడు. ఒక పెద్దాసుపత్రి, తొమ్మిది చిన్న క్లినిక్కులు, మూడు ల్యాబులు, అన్నీ కలిపి ఒకే సాఫ్ట్‌వేరు మీదికి తేవాలి. ఒకచోట తీసిన రక్తం సంగతి ఇంకోచోట డాక్టరుకి తెలియాలి. ఇక్కడ రాసిన మందు అక్కడ మళ్ళీ రాయకూడదు. రోగి వార్డులో చేరితే ఇంట్లోవాళ్ళ ఫోనుకి కబురు దానంతటదే పోవాలి. చెప్పుకుంటే నాలుగు ముక్కలు. చెయ్యడానికి రెండేళ్ళు పట్టింది.

ఆ రెండేళ్ళూ ఆవిడ గదిలో గోడ కనబడలేదు. ఏ క్లినిక్కు ముందు, ఏది వెనక, ఎవరికి ఎప్పుడు నేర్పాలి, కరెంటు పోతే ఏం చెయ్యాలి, తెర కదలకుండా నిలబడిపోతే ఎవరికి ఫోను కొట్టాలి, అన్నీ కాగితాలే. సాఫ్ట్‌వేరాయన బట్టతల తడుముకుంటూ, "ఎందుకండీ ఇంత యాతన, ఒక్కరోజున అన్నిచోట్లా మొదలెట్టేద్దాం" అన్నాడు. "మీకేం బాబూ, మొదలెట్టి ఇంటికెళ్ళి పడుకుంటారు. కౌంటరు ముందు లైన్లో నిలబడేది మీ అమ్మ కాదు కదా" అంది ఆవిడ. అన్నిటికంటే చిన్న క్లినిక్కుతో మొదలెట్టి, రెండేసి వారాలు కాగితమూ కంప్యూటరూ రెండూ నడిపి, ఒక్కొక్కటే కలుపుకుంటూ వచ్చారు. ఏ మాటకామాట చెప్పుకోవాలి, పని మాత్రం దివ్యంగా చేసింది.

ఒక్క గడి దగ్గరే గొడవ. రోగిని చేర్చుకునేటప్పుడు "కబురు ఎవరికి చెప్పాలి" అని ఒక గడి ఉంటుంది. పేరు, చుట్టరికం, ఫోను నంబరు. అది నిండితే గానీ తెర ముందుకి కదలకూడదు అంది గళ్ళమేడం. డాక్టర్లు వద్దన్నారు. సాఫ్ట్‌వేరాయన వద్దన్నాడు. "నంబరు లేనివాళ్ళుంటారండీ, వాళ్ళనేం చేస్తారు?" "అడగాలి. ఇంకోసారి అడగాలి. ఖాళీగా వదిలే వీలుంటే ఎవడూ అడగడు. ఇరవై రెండేళ్ళు చూశాను."

ఆవిడ పట్టుదలకి కారణం ఉంది. నర్సుగా ఉన్న రోజుల్లో ఒక వంటమనిషి వార్డులో పోయింది. ఆమె చీటీలో కబురు ఎవరికి చెప్పాలన్న గీత మీద ఏమీ రాసి లేదు. నాలుగో రోజున ఆమె అన్నగారు ఆసుపత్రి తర్వాత ఆసుపత్రి తిరుక్కుంటూ ఇక్కడికొచ్చాడు. "ఎవరూ చెప్పలేదేంటమ్మా" అని అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు. ఆ మనిషి మొహం గళ్ళమేడాన్ని ఇన్నేళ్ళూ వదల్లేదు. అందుకే చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, ఆ గడి పెట్టించింది.

కౌంటరు వాళ్ళకి నేర్పడానికి ఒక నమూనా కాగితం అచ్చేయించింది. అన్ని గళ్ళూ ఉత్తుత్తి వివరాలతో నింపి చూపించాలి. నంబరు దగ్గరికొచ్చేసరికి ఆగింది. ఏదో పది అంకెలు వేస్తే అది ఎవరిదో అవుతుంది, వాళ్ళ ప్రాణం తోడేస్తారు. ఎందుకొచ్చిన గొడవ అని తన సొంత నంబరే వేసింది. ఎలాగూ పరీక్షగా నడుపుతున్న ఐదు నెలలుగా ఉత్తుత్తి మెసేజీలన్నీ ఆవిడ ఫోనుకే వస్తున్నాయి.

ఇక ఆవిడ ఇల్లు. రెండు గదులు, ఒక వసారా, కిటికీలోంచి పక్క బిల్డింగు నీళ్ళ పైపులు. పెళ్ళి కుదరలేదు. కుదరలేదని ఆవిడ గుండెలు బాదుకోనూ లేదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇల్లు ఇల్లులా ఉండేది, ఇద్దరూ టీవీ ముందు కూర్చుని ఒకరి మాట ఒకరు వినకుండా హాయిగా వాదించుకునేవాళ్ళు. అమ్మ పోయి మూడేళ్ళు. ఇప్పుడు ఆదివారం పొద్దున లేస్తే సోమవారం పొద్దుటిదాకా ఆవిడ నోట్లోంచి మాట బయటికొచ్చే పనే లేదు. ఒకసారి సోమవారం ఆఫీసులో "గుడ్‌మార్నింగ్" అనబోతే గొంతు బొంగురుపోయి, జలుబా అని అడిగారు. అవునంది. ఇంకేం చెప్తుంది?

ఆ ఇంట్లో ఫోను మోగేది ఆ మెసేజీలకే. టింగుమనేది. "మీ బంధువు వార్డులో చేరారు. రోగి సంఖ్య చివరి అంకెలు ఇవి." పేరుండదు. రోగి సంగతి పరాయివాళ్ళ కంట పడకూడదని పేరు తీయించింది కూడా ఆవిడే. అన్నం ముందు కూర్చున్నప్పుడు టింగుమంటే "ఆఁ, వచ్చావా" అనేది. తెరిచేది, చదివేది, పక్కన పెట్టేది. సిగ్గు లేకుండా చెప్పాలంటే, అది మోగితే ఆవిడకి బాగుండేది. ఉత్తుత్తి బంధువైనా ఆ పూట ఎవరో ఒకరు పలకరించినట్టుండేది.

పరీక్ష అయిపోయి అసలు సాఫ్ట్‌వేరు మొదలై ఆరు వారాలైంది. మెసేజీలు తగ్గాయి గానీ ఆగలేదు. సాఫ్ట్‌వేరాయన్ని అడిగితే, "పరీక్ష లైను పూర్తిగా కట్ చెయ్యలేదండీ, ఒకటీ అరా వస్తుంటాయి, పట్టించుకోకండి" అన్నాడు. ఆవిడ పట్టించుకోలేదు. వచ్చినవన్నీ చదివింది. చదివి పక్కన పెట్టింది.

ఆ శుక్రవారం పొద్దున మీటింగు. పెద్ద డాక్టరు, సాఫ్ట్‌వేరాయన, వార్డుల సిస్టర్లు ఇద్దరు, గళ్ళమేడం. పెద్ద డాక్టరు మంచి హుషారుగా ఉన్నాడు. మొదటి నెల లెక్క వచ్చింది. బంధువులకి పంపిన మెసేజీల్లో నూటికి తొంభై ఆరు "చదివారు" అని చూపిస్తోంది. "చూశారా, మన గళ్ళ..." అని నాలిక్కరుచుకుని, "మన మేడం పట్టుబట్టి పెట్టించిన గడి ఇది" అన్నాడు. ఆవిడ తల వంచుకుని నవ్వుకుంది. ఎన్నాళ్ళకో ఎవరో పదిమందిలో మెచ్చుకున్నారు.

అప్పుడు కాళ్ళ వార్డు సిస్టరు గొంతు సవరించుకుంది. పెద్దావిడ, మొహమాటం లేని మనిషి. "చదవడం వరకూ బాగానే ఉంది డాక్టరుగారూ. చదివి రారే. రాతి గుండెలు. మా వార్డులో ఒక లిఫ్టు మెకానిక్కు, అరవై మూడేళ్ళు, చక్కెర జబ్బుతో కాల్లో రక్తనాళం మూసుకుపోయి, పుండు పడి వచ్చాడు. పక్కన మనిషంటూ లేడు. ఒక్కతే అక్కట. పదకొండు రోజులు, పదకొండు మెసేజీలు, అన్నీ చదివింది మహాతల్లి. ఒక్కదానికీ కదల్లేదు. ఆయన రోజూ పొద్దున్నే అడిగేవాడు, చదివిందా సిస్టరూ అని. చదివిందని తెర చూపించేదాన్ని. పన్నెండో రోజు ఆపరేషను వద్దు ఏమీ వద్దని సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. మొన్న బుధవారం. ఆ ఆపరేషను ఇప్పుడు కాకపోతే కాలు తియ్యడమే."

"ఎవరి ఖర్మ వాళ్ళది" అన్నాడు పెద్ద డాక్టరు.

గళ్ళమేడం అలవాటు కొద్దీ పెన్ను తీసింది. "సంఖ్య చెప్పండి సిస్టరూ, చూస్తాను."

"చివర నాలుగూ నాలుగూ ఒకటీ ఏడు."

పెన్ను ఆగిపోయింది. ఆ అంకెలు ఎక్కడో చూసింది. ఎక్కడో ఏంటి, అన్నం ముందు చూసింది. ఫోను బల్ల కిందికి తీసి, పైకి తోసుకుంటూ వెళ్ళింది. "మీ బంధువు వార్డులో చేరారు, 4417." "మీ బంధువు పరీక్షల ఫలితాలు వచ్చాయి, 4417." "డాక్టరుగారు మిమ్మల్ని కలవాలంటున్నారు, 4417." "ఆపరేషను గురించి మాట్లాడాలి, దయచేసి రండి, 4417." మళ్ళీ అదే. మళ్ళీ అదే. రాతి గుండె మహాతల్లి ఎవరో ఆ గదిలో ఆవిడకొక్కదానికే తెలిసింది.

బయటపెట్టకుండా ఉండొచ్చు. లోపల్లోపల సరిచేసుకుంటే ఎవడికీ తెలియదు. ఆ ఆలోచన ఒక్క క్షణం వచ్చిందన్నది నిజం, వచ్చినందుకు ఆవిడకి ఒళ్ళు మండిందన్నదీ నిజమే. "ఆ నంబరు నాది" అంది. ఎవరికీ అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పింది.

చేర్చుకున్న కౌంటరు అమ్మాయికి అక్కడే ఫోను చేశారు. ఆమె నిమ్మకు నీరెత్తినట్టు చెప్పింది. "అక్క పేరు చెప్పాడు మేడం, నంబరు నోటికి రాదన్నాడు. గడి నిండితే గానీ కదలదన్నారు కదా. మీ కాగితంలో ఉన్న నంబరు వేశాను. అది ఉత్తుత్తి నంబరు కదా అని. మేమందరం అంతే వేస్తాం మేడం, నంబరు లేనివాళ్ళకి."

అందరం, అంది. సాఫ్ట్‌వేరాయన గబగబా వెతికాడు. ఆవిడ నంబరు ముప్ఫై తొమ్మిది మంది చీటీల్లో ఉంది. అన్నగా, కోడలిగా, తమ్ముడిగా, భార్యగా. ముప్ఫై తొమ్మిది మందికి ఎవరూ లేరన్న సంగతి కనబడకుండా ఆ గడి కప్పెట్టేసింది. ఖాళీగా ఉండుంటే కనీసం ఏ సిస్టరుకైనా అనుమానం వచ్చుండేది.

"సోమవారం చూద్దాం, లెక్క మాత్రం ఇప్పుడే కదపకండి" అంటున్నాడు పెద్ద డాక్టరు. ఆవిడ అప్పటికే లేచి ఆపరేషను చేసే డాక్టరుకి ఫోను కలిపింది. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఇవాళ తెస్తే రేపు పొద్దున చేస్తాను. సోమవారమైతే కాలు తియ్యడానికే పిలవండి" అన్నాడు.

లిఫ్టు మెకానిక్కు ఉండేది లిఫ్టు లేని బిల్డింగులో, మూడో అంతస్తులో. ఆ మెట్ల ముందు నిలబడి గళ్ళమేడం తన నడుం పట్టుకుని ఒక నిట్టూర్పు విడిచింది. పుండు కాలుతో ఆ మనిషి ఇవన్నీ ఎలా ఎక్కాడో. రెండో అంతస్తులో కూర్చుని, లేచి, మళ్ళీ ఎక్కింది.

తలుపు తీసే ఉంది. ఒకటే గది. గోడకి కొట్టిన చెక్క మీద పనిముట్లు వరసగా వేలాడుతున్నాయి, ఏది ఎక్కడో మరిచిపోకుండా ఒక్కోదాని చుట్టూ పెన్సిలు గీత గీసి ఉంది. ఆయన మంచం మీద వెనక్కి ఆనుకుని, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని ఉన్నాడు. వాసన తలుపు దగ్గరికే తెలిసింది, నర్సు ముక్కు కదా.

"ఆసుపత్రి నుంచా? సంతకాలన్నీ పెట్టేశానమ్మా."

"సంతకం కాదండీ. ముందు కాలు చూడనివ్వండి." ఒప్పుకునేదాకా ఆగలేదు. నేల మీద కూర్చుని బొటనవేలి గోరు నొక్కి వదిలింది. తెల్లబడింది. రంగు రావడానికి చాలాసేపు పట్టింది, కానీ వచ్చింది. కాల్లో ఇంకా ప్రాణం ఉంది.

"మీ అక్కయ్యగారికి మెసేజీలు వెళ్ళలేదండీ."

ఆయన కొంచెం నవ్వాడు. "వెళ్ళాయమ్మా. నేనే చూశాను. సిస్టరు తెర తిప్పి చూపించేది. చదివారు, చదివారు అని వరసగా."

"చదివింది ఆవిడ కాదు. నేను."

ఆయన ఆవిడ కేసి ఎగాదిగా చూశాడు. "మా అక్క పంపిందా మిమ్మల్ని? చదివి రాలేదని ఇప్పుడు సిగ్గేసి, ఇలా చెప్పి రమ్మందా? వద్దని చెప్పండి. నేనేం అనుకోవట్లేదు."

ఆవిడ ఫోను తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు. మొదటి దగ్గర్నుంచీ మొదలుపెట్టి పదకొండూ చదివాడు, తేదీలతో సహా. మధ్యలో ఒకచోట ఆగి కట్టు కేసి చూసుకుని మళ్ళీ చదివాడు.

"ఇవన్నీ చదివారా మీరు?"

"చదివాను."

"చదివి ఏమనుకున్నారు?"

ఆవిడ దగ్గర సమాధానాలు చాలా ఉన్నాయి. పరీక్ష లైను, నమూనా కాగితం, కౌంటరు అమ్మాయి, సాఫ్ట్‌వేరాయన. దారి పొడుగునా బస్సులో అవే పేర్చుకుంటూ వచ్చింది. ఆ కళ్ళజోడు వెనక కళ్ళు చూశాక అవన్నీ పక్కన పెట్టేసింది. "ఏమీ అనుకోలేదండీ" అంది.

ఆయన తలూపాడు. కోప్పడితే బాగుండు అనిపించిందావిడకి. కోప్పడలేదు. ఫోను తిరిగిచ్చేస్తూ, "అంటే అక్కకి తెలీదు" అన్నాడు. మళ్ళీ అదే మాట అన్నాడు, ఈసారి తనకి తానే.

"నంబరు గుర్తు లేదన్నారట కౌంటర్లో. ఇంట్లో ఎక్కడైనా రాసుంటే ఇవ్వండి."

"గుర్తు లేకపోవడమేంటమ్మా. నిద్రలో లేపినా చెప్తాను." ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. "అన్ని ఆసుపత్రులూ ఒకదానికొకటి కలిపేశారంట కదా. గోడ మీద పెద్ద బొమ్మ కూడా పెట్టారు. పేరు కొడితే మనిషి పుట్టుపూర్వోత్తరాలు తెలుస్తాయన్నాడు లైన్లో నా ముందున్నాయన. పేరు చెప్పాను. అదే వెతుక్కుంటుందిలే అనుకున్నాను. నేను చెయ్యకుండా అది చేసేస్తే బాగుణ్ణు అనుకున్నాను. మర్నాడు సిస్టరు చదివారు అని చూపించేసరికి, అబ్బ, భలే పట్టుకుందే అనుకున్నాను."

అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకుని తొమ్మిదేళ్ళు. బావగారు పోయిన రోజు ఈయన బయల్దేరి స్టేషనుకి వెళ్తుంటే ఫోనొచ్చింది, ఫలానా బిల్డింగులో లిఫ్టు ఆగిపోయి నలుగురు ఇరుక్కున్నారు, లోపల ఒక గర్భిణి ఉందని. తిరిగి వెళ్ళాడు. వాళ్ళని బయటికి తీసి అక్క ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది, అంతా అయిపోయింది. "ఈ రోజు కూడా నీకు లిఫ్టే ఎక్కువైందా" అంది అక్క, అందరి ముందూ. ఆయన లిఫ్టులో ఎవరున్నారో చెప్పలేదు. చెప్తే సాకు చెప్పినట్టుంటుందని. గుమ్మంలోంచే వెనక్కొచ్చేశాడు. తర్వాత ఆవిడ ఫోను చెయ్యలేదని ఈయన, ఈయన చెయ్యలేదని ఆవిడ.

"సోమవారం దాకా ఆగితే కాలు దక్కదండీ" అంది గళ్ళమేడం. "ఆపరేషనుకి పక్కన మనిషుండాలి. ఫోను చెయ్యండి."

"మీరు చెయ్యండమ్మా. నా పేరు చెప్పి."

"నేను చెయ్యను. నేను చేస్తే అది ఇంకో మెసేజీ అవుతుంది." గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. వార్డులో మందు మింగనని మొరాయించేవాళ్ళతో మాట్లాడే గొంతది, చాలా ఏళ్ళకి బయటికొచ్చింది. "మీరు చెయ్యండి. నేనిక్కడే కూర్చుంటాను."

ఆయన తన ఫోను తీసుకుని, చూడకుండానే అంకెలు నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మోగుతోంది. మోగుతూనే ఉంది. "ఎత్తదు లెండి" అంటూ దించబోతుంటే అవతల ఎత్తారు.

"ఆఁ, చెప్పరా" అంది ఒక ముసలి గొంతు.

తొమ్మిదేళ్ళు కాదు, పొద్దున్నే మాట్లాడి పెట్టేసినట్టుంది ఆ రెండు మాటలూ. ఆయన ఫోను గళ్ళమేడం చేతిలోకి తోసేసి, దుప్పటి కొస తీసి మొహం కప్పుకున్నాడు. ఆవిడే చెప్పింది, కాలు సంగతి, ఆపరేషను సంగతి, సోమవారం సంగతి. పదకొండు రోజులు ఒక్కడే ఉన్నాడని కూడా చెప్పింది. అవతల ఒక్క ఏడుపూ లేదు, ఒక్క నిష్ఠూరమూ లేదు. ఏ ఆసుపత్రి, ఎన్నో అంతస్తు, బట్టలేమైనా తేవాలా. అన్నీ అయ్యాక అడిగింది, "మీరెవరమ్మా? వాడికేమవుతారు?"

"ఏమీ కానండీ. మీకు రావలసిన మెసేజీలు నాకొచ్చాయి."

"సరే, నేనొచ్చేదాకా వాణ్ణి వదలొద్దు" అని పెట్టేసింది.

రెండున్నర గంటలు పట్టింది. ఈలోపు గళ్ళమేడం కట్టు విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ కట్టింది. టీ పెట్టింది, ఆయన చక్కెర డబ్బా దాచుకున్న చోటు కనిపెట్టి చీవాట్లు పెట్టింది. ఆయన ఆవిడకి లిఫ్టు తాడు ఎందుకు తెగదో బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఆవిడ నిజంగానే వింది. ఇల్లు దాటి ఎవరి గదిలోనైనా అంతసేపు కూర్చుని ఎన్నేళ్ళైందో లెక్క తెలియలేదు. "మీకెవరున్నారమ్మా" అని అడిగాడు మధ్యలో. "అమ్మ ఉండేది" అంది. ఆయన కప్పు కొంచెం ఇటు జరిపి ఇంకాస్త టీ పొయ్యబోయాడు.

మెట్ల మీంచే వినబడింది అక్క. "లిఫ్టులు బాగుచేసేవాడికి లిఫ్టున్న కొంప దొరకలేదా." వెనకాల ఆమె కూతురు, చేతిలో కారు తాళాలు. అక్క ఆయాసపడుతూ వచ్చి మంచం మీద కూర్చుని, ఆయన కాలు ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది. "ఆ రోజు లిఫ్టులో..." అని ఈయన మొదలెట్టాడు. "తెలుసు. ఆ కడుపుతో ఉన్న అమ్మాయే బిడ్డనెత్తుకుని నిన్ను వెతుక్కుంటూ వచ్చి చెప్పింది, ఏడాది తర్వాత. నువ్వే చెప్తావని చూశాను" అంది. గళ్ళమేడం కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది.

కిందికి దింపడం ఒక యజ్ఞం. ఒక పక్క మేనకోడలు, ఒక పక్క పొరుగింటాయన, ముందు గళ్ళమేడం ఒక్కో మెట్టూ చెబుతూ. కారులో నలుగురూ ఆసుపత్రికొచ్చారు. ఆపరేషను డాక్టరు వేలు నొక్కి చూసి, "ఇంకా వెచ్చగానే ఉంది. పొద్దున ఏడింటికి" అని వెళ్ళిపోయాడు. ఆయన భాషలో అది పండగ కబురు.

చేర్చుకునే కౌంటర్లో అదే అమ్మాయి. గళ్ళమేడాన్ని చూసి బిక్కచచ్చిపోయింది. ఆవిడ ఏమీ అనలేదు, "పాత నంబరు తీసెయ్యమ్మా" అంది. అక్క తన నంబరు ఒక్కొక్క అంకె గట్టిగా చెప్పింది, మళ్ళీ చదివించుకుంది. కింద తన కూతురిదీ రాయించింది. "ఇంకా గడి ఉంటే చెప్పమ్మా, మా అల్లుడిదీ ఇస్తాను" అంది. తెర ముందుకి కదిలింది. చక్రాల కుర్చీని మేనకోడలు తోస్తోంటే, ఏం చెయ్యాలో తెలియక గళ్ళమేడం కూడా పక్కనే నడిచింది. ఆయన సంచీ ఆవిడ చేతిలోనే ఉంది.

వార్డు తలుపు దగ్గర అక్క ఆగి, ఆ సంచీ మెల్లిగా ఆవిడ చేతిలోంచి తీసుకుంది. ఆవిడ భుజం మీద చెయ్యేసింది. మంచి మనిషి, ప్రేమగానే అంది.

"పొద్దుట్నుంచీ తిరుగుతున్నారు పాపం. మీరింక ఇంటికెళ్ళండమ్మా. మేమున్నాం కదా."

"అవునండీ, మీరున్నారు కదా" అంది గళ్ళమేడం. తలుపు మూసుకుంది. ఇంకా ముప్ఫై ఎనిమిది మందిని వెతకాలి, రేపట్నుంచి మొదలెట్టాలి అని లెక్క వేసుకుంటూ బస్టాపు దాకా బాగానే నడిచింది. అక్కడ బెంచీ మీద కూర్చున్నాక ఏడుపొచ్చింది. మనిషి కాలు దక్కబోతోంది, అక్క వచ్చింది, తప్పు దిద్దుకుంది. దేనికి ఏడుస్తోందో ఆవిడకి బాగా తెలుసు. రెండు బస్సులు వదిలేసి, మూడోది ఎక్కి ఇంటికెళ్ళింది.